షట్టర్ దించాక అలారం కూడా నిద్రపోతే?



భావనపాడులో మా మామూ ఇల్లు పెంచుతున్నారు. కింద దుకాణం పాతదే: వలతాళ్లు, థర్మోకోల్ పెట్టెలు, ఇంజన్ ఆయిల్ డబ్బాలు. దానిపైన కుటుంబం. ఇంకా పైన రెండు గదులు వేసి మూలపేట పోర్టు పనులకు వచ్చేవాళ్లకు కిరాయికి ఇవ్వాలని ఇరాదా. మొన్న నేను వెళ్లేసరికి గోడలకు గాళ్లు కొట్టి వైరింగు పైపులు వేస్తున్నారు. కరెంటుతో నడిచే పొగ అలారాలు కూడా పెట్టించమని జిద్దు చేశాను. మామూ కాదనలేదు.

తకరారు అంతా వైరు దగ్గర వచ్చింది. దుకాణంలో అలారాన్ని దుకాణం మెయిన్ కిందే కలుపుతానన్నాడు ఎలక్ట్రీషియన్. "దుకాణం సామాను దుకాణం మీటరు మీదే కదా బాబూ!" లెక్క ప్రకారం అతని మాట సబబే. కానీ మామూ రోజూ ఇషా తర్వాత షట్టర్ దించే ముందు దుకాణం మెయిన్ ఆపేస్తారు.

ఆ ఆదత్ మంచిదే. మదీనాలో ఒక రాత్రి ఇల్లు తగలబడిందని తెలిసినప్పుడు, పడుకునే ముందు నిప్పు ఆర్పేయమని రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) తాకీదు చేశారు. కానీ ఆ మెయిన్‌తో పాటు కాపలా కాయాల్సిన అలారం కరెంటు కూడా పోతుంది. లోపలి బ్యాటరీ ఆపత్తు కోసం పెట్టింది. రోజూ రాత్రంతా దాన్నే వాడితే అసలు అవసరానికి మిగలదు.

"మెయిన్ ఆపాక మంట ఎక్కడిది?" అన్నారు మామూ. స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే వైరులో కరెంటు ఉంటూనే ఉంటుంది. మూల ఇన్వర్టర్ బ్యాటరీ ఉంటుంది. ఆర్పడం మరచిన దోమల చక్రం ఉంటుంది. నైలాన్, థర్మోకోల్ అంటుకుంటే మంట కంటే ముందు విషపు పొగ మెట్ల మీదుగా పైకి పాకుతుంది. నిద్రలో ఉన్న మనిషిని పొగ వాసన లేపుతుందన్న భరోసా లేదు.

కింద వ్యాపారం, పైన మనుషులు ఉన్న ఇమారతుల్లో ఏం జరిగిందో హైదరాబాద్‌లో చూశాం. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి: 8 మంది. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద రసాయనాల డ్రమ్ములు, పైన కాపురాలు: కనీసం 9 మంది. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో కింద నగల దుకాణాలు, పైన ఒకే ఖాందాన్: 17 మంది, అందులో 8 మంది పిల్లలు. మంట రేగింది ఆదివారం పొద్దున్నే, జనం ఇంకా పక్కల మీద ఉండగా. బయటికి రావడానికి ఉన్నది ఇరుకు దారి. అలాంటి చోట రెండు నిమిషాలు ముందు మెలకువ రావడం చిన్న విషయం కాదు.

అందుకే నా రాయి ఇది. అలారాల వైరు ఎవరి మీటరు అన్న లెక్క మీద కాదు, రాత్రి ఎవరు నిద్రపోతారు అన్న లెక్క మీద వేయాలి. పై ఇంట్లో రోజూ వెలిగే లైట్ల సర్క్యూట్ నుంచే దుకాణం, మెట్లు, ఇల్లు, కిరాయి గదులు అన్నింటి అలారాలకూ కరెంటు ఇవ్వండి. మధ్యలో స్విచ్ వద్దు. ఆ సర్క్యూట్ పోతే లైట్లూ పోతాయి కాబట్టి వెంటనే తెలుస్తుంది. న్యూట్రల్ కూడా ఆ సర్క్యూట్‌దే కావాలి, దుకాణం మీటరుది కలపకూడదు. ఫేజ్, న్యూట్రల్‌తో పాటు అలారాలను ఒకదానితో ఒకటి కలిపే మరో వైరు లాగితే, కింద పొగ వచ్చినప్పుడు పైన కూడా మోగుతుంది. చేపలు వేయించే వంటింట్లో పొగది కాదు, వేడిని పట్టే అలారం పెట్టండి.

ఒక ఎహతియాత్ మరవద్దు. దుకాణం మెయిన్ ఆపినా ఈ వైరులో కరెంటు ఉంటుందని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. లేకపోతే రేపు రిపేరుకు వచ్చినవాడి జాన్ మీదికి వస్తుంది. పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

బ్యాటరీ లేని అలారం మాత్రం కొనకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత మన తీరంలో ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో మరచిపోయామా? ఉప్పుగాలికి వైర్ల కొసలు చిలుము పడతాయి కూడా. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడండి. పదేళ్లకు అలారాన్నే మార్చేయండి.

రెండు మూడంతస్తుల ఇంటికి ఈ సంగతి అడిగే అఫ్సర్ రాడు. కిరాయికి వచ్చేవాడు కూడా అడగడు, గది దొరికితే చాలనుకుంటాడు. కానీ మన కప్పు కింద పడుకున్న ప్రతి ప్రాణమూ మన దగ్గర అమానతే.

మామూ ఒప్పుకున్నారు. ప్లాస్టరింగు కాకముందే పైపు దారి మార్చారు, అల్‌హందులిల్లాహ్. మీకు కూడా కింద దుకాణం, పైన ఇల్లు ఉంటే ఈ రాత్రి షట్టర్ దించేటప్పుడు ఒక్కసారి చూడండి: ఆ ఒక్క స్విచ్‌తో ఏమేమి ఆగిపోతున్నాయో.