బస్సు ఎక్కడుందో మ్యాప్‌లో కనిపిస్తోంది.. మన స్టాప్‌కి వస్తుందో రాదో ఎవరు చెప్తారు?

ఈ మధ్యే మా అమ్మకి కొత్త ఫోన్ కొనిచ్చాను. పదిహేను వేల లోపు బడ్జెట్, పెద్ద స్క్రీన్, రెండు రోజులు ఆగే బ్యాటరీ. ఆదివారం కూర్చోబెట్టి, బస్ ట్రాకింగ్ యాప్ ఎలా వాడాలో గంటసేపు నేర్పించా. మూడో రోజు పొద్దున్నే ఫోన్ చేసింది. "నాన్నా, బస్సు దగ్గరికొచ్చేసిందని చూపిస్తోంది గానీ, రోడ్డు మీద మాత్రం కనపడట్లేదు."

ఆ రోజు ఆవిడ షుగర్ చెకప్‌కి వెళ్లాలి. పదకొండు దాటితే ఓపీ చీటీ ఇవ్వరు. నేను ఆఫీసులో అదే యాప్ ఓపెన్ చేశా. చుక్క కదులుతోంది. కానీ అది మా రోడ్డు మీద కాదు, వెనక రోడ్డు మీద! మా స్టాప్‌కి నాలుగొందల మీటర్ల దూరంలో హాయిగా దాటిపోయింది. యాప్‌లో మాత్రం "3 నిమిషాల్లో" అనే ఉంది. కాసేపటికి ఆ మూడు నిమిషాలు తర్వాతి బస్సు ఖాతాలోకి వెళ్లిపోయాయి.

చివరికి విషయం చెప్పింది టీ బంకు ఆయన. "అమ్మా, పైపులైన్ కోసం ముందు రోడ్డంతా తవ్వేశారు కదా, వారం నుంచి బస్సు ఇటు రావట్లేదు. వెనక రోడ్డు మీద ఎక్కాలి." అప్పటికి యాభై నిమిషాలు అయిపోయింది. చెకప్ మళ్లీ వచ్చే వారానికి పడింది.

రివ్యూయర్ బుద్ధి ఎక్కడికి పోతుంది? మనసులోనే యాప్‌కి మార్కులు వేసుకున్నా. లొకేషన్ పర్ఫెక్ట్. మ్యాప్ ఎక్కడా ల్యాగ్ లేదు. తెలుగు ఇంటర్‌ఫేస్ కూడా ఉంది. నేను వారం ముందు టెస్ట్ చేసి ఉంటే కళ్లు మూసుకుని నాలుగు స్టార్లు ఇచ్చేవాణ్ని. అన్నీ సరిగ్గా పనిచేస్తూనే మా అమ్మని ఎండలో నిలబెట్టాయి.

ఇక్కడ కొంచెం టెక్నికల్‌గా మాట్లాడుకుందాం. బస్సుల సమాచారానికి ప్రపంచంలో చాలా నగరాలు వాడే ఫార్మాట్ పేరు జీటీఎఫ్‌ఎస్. 2005లో అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్ రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి మొదలుపెట్టిన పని నుంచి పుట్టింది. స్టాపులు, రూట్లు, ట్రిప్పులు, టైమింగ్స్.. అన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లు, ఒక జిప్‌లో పెట్టి ఇస్తారు. అంతే. 2011లో దీనికి రియల్‌టైమ్ వెర్షన్ వచ్చింది. అందులో ముఖ్యంగా మూడు రకాల డేటా ఉంటుంది. ట్రిప్ ఎంత ఆలస్యంగా నడుస్తోందో చెప్పేది ఒకటి, బండి ఎక్కడుందో చెప్పేది ఇంకోటి, మూడోది సర్వీస్ అలర్ట్స్.

మనం అందరం రెండోదాని మోజులో పడ్డాం. కదిలే చుక్క చూడ్డానికి బావుంటుంది, స్క్రీన్‌షాట్‌కి బావుంటుంది. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. నిజానికి అందులో ఎంత బుర్ర పెట్టారో చూడండి. మార్పుకి కారణం ఏంటి (రోడ్డు పనులా, వర్షమా, సమ్మెనా, ప్రమాదమా), దాని ప్రభావం ఏంటి (దారి మళ్లింపా, స్టాప్ మారిందా, సర్వీసే లేదా), ఏ రూట్‌కి, ఏ స్టాప్‌కి, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు.. ప్రతిదానికీ విడిగా చోటుంది. ఒకే అలర్ట్‌ని తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో ఇవ్వొచ్చు. ఫోన్ పైకి చదివి వినిపించడానికి వేరే వాక్యం కూడా రాసిపెట్టొచ్చు. మా అమ్మకి కావాల్సింది సరిగ్గా అదే కదా!

మరి ఎందుకు రాదు? నా లెక్క ప్రకారం కారణం సింపుల్. బస్సు ఎక్కడుందో జీపీఎస్ యంత్రం తనంతట తానే చెప్తుంది, మనిషితో పనిలేదు. దారి మారిందన్న సంగతి మాత్రం ముందు ఒక మనిషి తలలో ఉంటుంది. రోడ్డు తవ్వే కాంట్రాక్టర్‌కి తెలుసు, ట్రాఫిక్ పోలీసుకి తెలుసు, డ్రైవర్‌కి నోటిమాటగా తెలుసు. దాన్ని ఎవరో ఒకరు కూర్చుని టైప్ చెయ్యాలి. ఆ "ఎవరో ఒకరు" అనే ఉద్యోగానికి మనిషిని పెట్టకుండా కొత్త యాప్ లాంచ్ చెయ్యడం చాలా ఈజీ.

సగం పని సాఫ్ట్‌వేర్ చెయ్యగలదు. వరసగా ఐదు బస్సులు ఒకే స్టాప్‌ని వదిలేసి పక్క రోడ్డు మీద పోతే, కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద ఒక ప్రశ్న రావాలి: "దారి మళ్లించారా?" అక్కడి ఉద్యోగి అవును అంటే అలర్ట్ వెళ్లిపోవాలి. కోడింగ్ వచ్చినవాళ్లు సరదాగా ట్రై చెయ్యొచ్చు కూడా. ఢిల్లీ 2018లోనే బస్సుల లైవ్ డేటాని డెవలపర్లకి ఓపెన్ చేసింది.

ఇప్పుడు మనకి వస్తున్న అలర్ట్ ఏంటంటే, వాట్సాప్‌లో ప్రెస్‌నోట్ ఫోటో. "రేపటి నుంచి దారి మళ్లింపు" అని ఉంటుంది. ఏ రేపు? ఫార్వర్డ్ అయ్యి అయ్యి మన దగ్గరికి వచ్చేసరికి ఆ రేపు పోయిన నెలలో ఉంటుంది! ఫోటో కాబట్టి వెతికితే దొరకదు. చూపు లేనివాళ్ల ఫోన్ దాన్ని సరిగ్గా చదువుతుందన్న నమ్మకమూ లేదు.

అన్నిటికీ యాపే కావాలని కూడా నేను అనను. లండన్‌లో స్టాప్ మూసేస్తే ఆ స్టాప్ గుర్తుకే కవర్ తొడిగేస్తారు, పక్కన ఏ స్టాప్‌కి వెళ్లాలో నోటీసు పెడతారు. బస్సు దారి మళ్లితే లోపల స్పీకర్ చెప్తుంది. ఫోన్ లేనివాడికీ తెలుస్తుంది. ఆ గుడ్డ కవర్‌కి ఏ చిప్‌సెట్ అక్కర్లేదు, అప్‌డేట్ అక్కర్లేదు.

"రోజూ నోటిఫికేషన్లతో చంపేస్తారేమో" అంటారా? నేను ఫాలో అయ్యే రెండు రూట్లు, ఒక స్టాప్.. వాటికి మాత్రమే పంపితే చాలు. షాపింగ్ యాప్‌లు రోజుకి పది పంపితే భరిస్తున్నాం కదా.

అన్నట్టు టీ బంకు ఆయన ఆ సాయంత్రమే ఒక అట్టముక్క మీద స్కెచ్‌పెన్‌తో "బస్సు వెనక రోడ్డులో" అని రాసి కరెంటు స్తంభానికి కట్టాడట. ఇంత మంచి సర్వీస్ అలర్ట్ నేను ఇంకోటి చూళ్లేదు. ఒక్కటే బగ్, ఎప్పటి వరకో రాయలేదు. తవ్విన రోడ్డు పూడ్చేశారు, బస్సు పాత దారికి వచ్చేసింది, అట్ట మాత్రం అలాగే ఉండిపోయింది. యాప్ మీద నమ్మకం పోయిన మా అమ్మ ఆ అట్టని నమ్మి ఇంకో రెండు రోజులు వెనక రోడ్డు దాకా నడిచింది. నిన్న రాత్రి ఫోన్ చేసి, "నాన్నా, బస్సు మళ్లీ మన స్టాప్ మీదుగానే పోతోందట, నీ యాప్‌లో ఏమైనా చెప్పిందా?" అని అడిగింది.