ఒక కన్నే గదా యను ఉపేక్ష

వరికోతలును నూర్పిళ్లును సాగు దినములలో, ఎగిరిపడిన వడ్లగింజయో, వరియాకు అంచో కంటిని గీరగా, నీరు కారి, ఎఱ్ఱబారి, కొలది దినములలో నల్లగుడ్డు మీద తెల్లని పుండు తేలి, తుదకది పువ్వుగా నిలిచిపోయిన కూలీలు మన పల్లెలలో నెందరో కలరు. "రెండవ కన్ను బాగున్నది గదా" యని ఇరుగుపొరుగువారు వారిని ఓదార్తురు. ఆ మాట దయతో పుట్టినదే. కాని ప్రభుత్వము సైతము దానినే కొలమానముగా గైకొనుట నాకు సమ్మతము గాదు.

నల్లగుడ్డును కప్పియుండు, కార్నియా యనెడి స్వచ్ఛపటలము నడుమ అర మిల్లీమీటరు పైచిలుకు మందము మాత్రమే కలది. అయినను వెలుగును వంచి లోపల కేంద్రీకరించు శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు దానిదే యగుటచే, దాని నడుమ పడిన చిన్న మచ్చయే చూపును కప్పివేయును. ఒక కన్ను పోయినవానికి ఆ ప్రక్క దృశ్యము కుంచించుటయే గాక, రెండు కన్నులును కలిసి తెలుపు దూరపుటంచనాయు సడలును. కొడవలి చేతికెంత చేరువనున్నదో, గట్టు దిగు పాదము ఎచ్చట ఆనునో అతడు మరల నేర్చుకొనవలెను. పసిబిడ్డ విషయము మరింత ఘోరము. పిమ్మట మచ్చను తొలగించినను, వాడుక తప్పిన కంటితో చూచుట మెదడు నేర్వకపోవచ్చును. ఇంతటి నష్టమునకు మన వికలాంగత్వ నిబంధనలు, రెండవ కన్ను సవ్యముగా నున్నచో, 30 శాతమునకు మించి యొసగవు. రిజర్వేషన్ల వంటి సౌకర్యములకు 40 శాతము కావలెను.

1905లో ఎడ్వర్డ్ జిర్మ్ ఓలోమౌత్స్ పట్టణమున తొలిసారి సఫలముగా జరిపిన కార్నియా మార్పిడి నేడు హైదరాబాదులో అరుదైన చికిత్స గాదు. అయితే దానముగా వచ్చు కన్నులు చాలనప్పుడు, రెండు కన్నులును పోయినవారికి ముందుగా నిచ్చుట న్యాయమే గనుక, ఒంటికంటివాని వంతు వెనుకబడును. కావుననే పుండు పుట్టకముందే మేల్కొనుట అతని పాలిటికి ముఖ్యము. నేపాలునందలి భక్తపురమున గ్రామకార్యకర్తలే, గీత పడిన కన్నులకు క్లోరాంఫెనికాల్ లేపనమును దినమునకు మూడుమార్లు చొప్పున మూడు దినములు వేయగా, 18 గంటలలోపల మొదలిడిన వారిలో నొక్కరికిని పుండు కాలేదని 2001లో వెలువడిన పరిశోధన తెలిపినది. మన యాశా కార్యకర్తల సంచులలో కోతలకాలమునందైనను ఆ లేపనమేల యుండరాదు? అది దొరకని చోటనే గదా ఆకుపసరును చనుబాలును కంటిలో పడుచున్నవి! అంతకంటె భయంకరము, చీటీ లేకయే దుకాణమున కొనితెచ్చు స్టెరాయిడ్ చుక్కలు; అవి ఎఱుపును తగ్గించి యూరట కల్పించుచునే, లోపలి బూజు పుండును పెంచును. వానిని వైద్యుని చీటీ లేక విక్రయింపకుండ అధికారులు వచ్చే నూర్పిళ్లకు ముందే కట్టడి చేయవలెను.