అడ్వాన్సు తిరిగివ్వడానికీ గడువుండాలి

సంపాదకునికి,

అద్దె ఇంటికి అడ్వాన్సు ఎంత తీసుకోవాలన్న చర్చ అప్పుడప్పుడూ వింటుంటాం. దాన్ని ఎప్పుడు, ఏ లెక్కన తిరిగివ్వాలన్నది ఎవరికీ పట్టదు. తగువులన్నీ అక్కడే. హైదరాబాద్‌లో మామూలుగా రెండు నెలల అద్దె అడుగుతారు. బెంగళూరులో పది నెలలది కట్టి దిగిన మనవాళ్లూ ఉన్నారు. పదకొండు నెలల అగ్రిమెంటులో తీసుకున్న మొత్తం అంకెల్లో, అక్షరాల్లో రాస్తారు. తిరిగిచ్చే తేదీ మాత్రం ఉండదు. ఖాళీ చేసే రోజు వచ్చేసరికి ‘పెయింటింగ్‌కి ఒక నెల పోతుంది’, ‘కొత్తవాళ్లు దిగాక ఇస్తాం’ అంటారు.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇందుకు దారి చూపింది. నివాసానికి రెండు నెలలు, ఇతర అవసరాలకు ఆరు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదు. ఇల్లు స్వాధీనమైన రోజే, బాకీలు పోను మిగిలింది ఇచ్చేయాలి. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగులు ఓనరు బాధ్యత. కుళాయి వాషర్లు, స్విచ్చులు అద్దెకున్నవారివి. అయితే రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే ఇది అమలవుతుంది.

తెలంగాణలో ఉన్నది 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం. నెల అద్దెకు మించిన అడ్వాన్సు కూడదని అది ఏనాడో చెప్పింది. గూడూరులోని ఒక హోటల్ కేసులో, అదనపు అడ్వాన్సు దగ్గర పెట్టుకుని అద్దె బాకీ పేరిట ఖాళీ చేయించడం కుదరదని 1989లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కానీ 2005 సవరణ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలను ఈ చట్టం నుంచి తప్పించింది. ఇప్పుడు నగరంలో ఆ అద్దెకు ఇల్లెక్కడ దొరుకుతుంది?

ఓనర్ల భయమూ కాదనలేనిదే. కరెంటు బిల్లు, మెయింటెనెన్స్ ఎగ్గొట్టి వెళ్లేవారున్నారు. కానీ ‘చివరి రెండు నెలలూ అడ్వాన్సులో సర్దుకోండి’ అనే అలవాటు ఎందుకొచ్చింది? డబ్బు తిరిగి రాదన్న అనుమానంతోనే. అలా సర్దేశాక సింకు పగిలినా, బిల్లు మిగిలినా ఓనరు చేతిలో పూచీ అంటూ ఏమీ ఉండదు. పూచీ కోసం పెట్టుకున్న పద్ధతి, నమ్మకం లేక ఓనరుకే అక్కరకు రాకుండా పోతోంది.

కాబట్టి ప్రభుత్వం కొత్త చట్టం తేవాలి. దిగే రోజే ఇంటి స్థితిని ఫొటోలతో, ఇద్దరి సంతకాలతో అగ్రిమెంటుకు జతచేయాలి. కోత పెడితే బిల్లు చూపాలి. తాళాలు అందుకున్న రోజే లెక్క తేల్చాలి. చివరి కరెంటు బిల్లు రాకపోతే ఆ మేరకే ఆపుకోవచ్చు. ఆలస్యానికి వడ్డీ ఉండాలి. ముప్పై నలభై వేల కోసం సివిల్ కోర్టు చుట్టూ ఏళ్ల తరబడి తిరగడం ఎవరివల్లా కాదు. నమూనా చట్టంలోని అద్దె కోర్టులనూ తెస్తేనే ఈ నిబంధనలకు విలువ.

ఇట్లు,
అద్దె ఇంట్లో ఉంటున్న ఒక పాఠకుడు,
కూకట్‌పల్లి, హైదరాబాద్