కనబడని వెలుగు

మన ఆర్మూరు పసుపును చీకటి గదిలో అతినీలలోహిత దీపం క్రింద ఉంచితే మెరుస్తుంది. ఆ కాంతి మన కంటికి అందదు. పసుపే దానికి సాక్షి.

మనం చూడగలిగేది సుమారు 400 నుండి 700 నానోమీటర్ల కాంతినే. గాజు తొట్టెలోని బంగారు చేప అంతకు మించి చూస్తుంది. రంగులు గుర్తించే కణాలు మన కంటిలో మూడు రకాలైతే, దానికి నాలుగు. నాలుగవది అతినీలలోహిత కాంతిని పట్టుకుంటుంది. మన దేశపు వాగుల్లో బ్రతికే చారల జీబ్రా చేప పిల్లలు ఆ కాంతి సాయంతోనే సూక్ష్మజీవులను వేటాడతాయని 2020లో శాస్త్రజ్ఞులు తెలియజేశారు. ఆ వెలుగు లేకుంటే వాటికి ఆహారం దొరకడం కష్టం!

చేప కన్ను దేవుణ్ణి రుజువు చేయదు. కాని "నాకు కనబడలేదు గనుక లేదు" అనే మన మాటను ఖండిస్తుంది.

దోతానులో ఎలీషా పనివాడు శత్రుసేనను మాత్రమే చూచి భయపడ్డాడు (2 రాజులు 6). ప్రవక్త క్రొత్త సైన్యాన్ని అడుగలేదు. వాని కన్నులు తెరువుమని ప్రార్థించాడు. సహాయం అప్పటికే కొండనిండా ఉంది.

పంట ధర పడిపోయి, అప్పు మీదపడి, దారి కనబడని సహోదరుడా! ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ మనవి చేయండి.