ఫ్రెండ్స్‌తో పోకర్ టోర్నీనా? గొడవైనా, కేసైనా బీజం పడేది ముక్క పంచకముందే!

ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే పేకాటకు కేంద్రం ఫుల్‌స్టాప్ పెట్టేసింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో రమ్మీ, పోకర్ యాప్‌లు డబ్బుల ఆటలు ఆపేశాయి. నైపుణ్యమా, అదృష్టమా అన్న చర్చే లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషేధమే. ఆడించేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడొచ్చు. ఆడేవాళ్లకు మాత్రం ఆ చట్టంలో శిక్ష లేదు.

యాప్ పోతే పోయింది, ఇంట్లో టేబుల్ ఉందిగా అనుకునేవాళ్లూ ఉంటారు. ఓ చిప్స్ సెట్, రెండు పేక కట్టలు, పది పదిహేను మంది ఫ్రెండ్స్ ఉంటే చాలు.. శనివారం టోర్నీ రెడీ. కానీ ఇక్కడే రెండు ప్రశ్నలు. చట్టం దీన్ని ఎలా చూస్తుంది? ఆట మధ్యలో గొడవొస్తే ఎవరి మాట చెల్లుతుంది?

చట్టం చూసేది ఏంటి?

తెలుగు రాష్ట్రాల్లో పేకాట కేసులకు ఆధారం 1974 నాటి గేమింగ్ చట్టం. అందులో గేమింగ్ అంటే డబ్బు రూపంలోనో, మరో రూపంలోనో వచ్చే బహుమతి కోసం ఆడటం. అంటే క్యాష్ బదులు ఫోన్ గిఫ్ట్‌గా పెట్టాం కాబట్టి సేఫ్ అనుకోవడానికి లేదు.

ఒకప్పుడు ఈ చట్టంలో నైపుణ్యంతో ఆడే ఆటలకు మినహాయింపు ఉండేది. సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్ కేసులో 1967లోనే సుప్రీంకోర్టు రమ్మీలో నైపుణ్యం పాలే ఎక్కువని తేల్చింది. మూడు ముక్కలాట మాత్రం పూర్తిగా అదృష్టమే అంది. తర్వాత తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలను సవరించి గట్టిగా బిగించాయి. డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్ రెండూ వాటి పరిధిలోకి వచ్చాయి.

పోకర్‌పై దేశమంతా ఒకే మాట కూడా లేదు. గుజరాత్ హైకోర్టు 2017లో ఇది జూదమే అంది. అలహాబాద్ హైకోర్టు 2024లో నైపుణ్యం ఉన్న ఆట అంది. పశ్చిమ బెంగాల్ చట్టం ఎప్పటినుంచో పోకర్‌ను జూదం నిర్వచనం నుంచి తప్పించింది. కోల్‌కతాలో నడిచింది కదా అని హైదరాబాద్‌లో నడుస్తుందని లెక్క వేసుకుంటే ఇబ్బందే.

అసలు పాయింట్ కమీషన్

ఆ 1967 తీర్పులో ఇంకో ముఖ్యమైన మాట ఉంది. క్లబ్ సభ్యుల దగ్గర ఆటకు కొంత రుసుము తీసుకుంటే తప్పు కాదని, పందెం డబ్బుల నుంచి నిర్వాహకుడు లాభం చేసుకుంటే మాత్రం నేరమని కోర్టు చెప్పింది. ఇప్పటికీ పేకాట స్థావరంపై దాడి అన్న ప్రతి వార్తలో మీరు చూసే మాట అదే.. 'కమీషన్ తీసుకుంటూ'.

తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే అమెరికాలోని టెక్సాస్‌లో జూదం నేరమే. కానీ మూడు షరతులు పాటిస్తే కేసు నుంచి బయటపడే వీలు చట్టంలోనే ఉంది. ఆట ప్రైవేట్ ప్లేస్‌లో జరగాలి. గెలిచిన డబ్బు తప్ప ఎవరికీ వేరే లాభం ఉండకూడదు. నైపుణ్యం, అదృష్టం వదిలేస్తే అందరికీ గెలుపోటముల అవకాశం సమానంగా ఉండాలి. డల్లాస్‌లో ఉన్న మన బంధువు ఇంట్లో ధైర్యంగా ఆడతాడంటే కారణం ఇదే. ఇక్కడి చట్టాల్లో అంత స్పష్టమైన వెసులుబాటు లేదు.

అందుకే తెలుగు రాష్ట్రాల్లో పెట్టేవాళ్లకు సేఫ్ రూట్ ఒక్కటే. ఎంట్రీ ఫీజు వద్దు, ప్రైజ్ వద్దు, చిప్స్‌కు రూపాయి విలువ వద్దు. 'ఖర్చుల కోసం' అంటూ పూల్‌లోంచి కొంత తీసి పక్కన పెట్టడం అస్సలు వద్దు. బిర్యానీ డబ్బులు వేసుకోవాలంటే ఆటతో సంబంధం లేకుండా విడిగా పంచుకోండి.

టైమ్ లెక్క ముందే వేయాలి

డబ్బు లేకపోతే గొడవలుండవా? ఉంటాయి. పంతం ఉన్నచోట డబ్బుతో పనేముంది! ఎక్కువ టోర్నీలు పాడయ్యేది టైమ్ దగ్గరే. కాబట్టి లెక్క చూద్దాం.

16 మంది, రెండు టేబుళ్లు, ఒక్కొక్కరికి 5,000 చిప్స్ అనుకోండి. మొత్తం 80,000. ప్రతి ఆటలో ఇద్దరు తప్పనిసరిగా వేయాల్సిన పందేలను బ్లైండ్స్ అంటారు. 25-50తో మొదలుపెట్టి ఒక్కో లెవెల్‌కు పెంచుతూ పోతారు. పెద్ద బ్లైండ్ మొత్తం చిప్స్‌లో ఇరవయ్యో వంతుకు, అంటే ఇక్కడ 4,000కు చేరేసరికి సాధారణంగా టోర్నీ ముగింపుకొస్తుంది. 50, 100, 150, 200, 300, 400, 600, 800, 1000, 1500, 2000, 3000, 4000.. ఇలా 13 లెవెల్స్. ఒక్కోటి 20 నిమిషాలైతే 4 గంటల 20 నిమిషాలు. అదే 30 నిమిషాలు పెడితే ఆరున్నర గంటలు. సాయంత్రం 4కి మొదలైన ఆట రాత్రి 8.20కి అవుతుందా, పదిన్నర అవుతుందా అన్నది ఈ ఒక్క అంకెతోనే తేలుతుంది.

ఈ పట్టిక ముందురోజే వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేయాలి. లేటుగా వచ్చేవాళ్లను ఏ లెవెల్ వరకు తీసుకుంటారు? ఔటైనవాళ్లకు రెండో ఛాన్స్ ఉందా? మధ్యలో వెళ్లిపోతే వాళ్ల చిప్స్ ఏమవుతాయి? ఇవీ అందులోనే రాయాలి. సీట్లు మాత్రం చీటీలు తీసి ఇవ్వాలి. భార్యాభర్తలో, రూమ్‌మేట్సో పక్కపక్కన కూర్చున్నా అప్పుడు ఎవరూ వేలెత్తి చూపరు.

టేబుల్ మర్యాదలు ఇవీ..

ప్రపంచవ్యాప్తంగా టోర్నీ రూల్స్ ఒకేలా ఉండాలని 2001లో టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్ ఏర్పడింది. ఇంటి ఆటకు ఆ పుస్తకం మొత్తం అక్కర్లేదు. ఈ ఆరు చాలు.

ఒకటి, మీ వంతు వచ్చేదాకా ఆగాలి. ముందే ముక్కలు పడేస్తే మీ ఆలోచన మీకంటే ముందు ఆడాల్సినవాళ్లకు తెలిసిపోతుంది.

రెండు, నోటితో చెప్పిందే ఫైనల్. ఏమీ చెప్పకుండా ఒకే పెద్ద చిప్ వేస్తే అది ఎదుటివాళ్ల పందేన్ని అందుకున్నట్టే, పెంచినట్టు కాదు. కొంచెం వేసి, ఎదుటివాళ్ల మొహం చూసి మళ్లీ కొంచెం వేయడం కుదరదు.

మూడు, ఒక చేతికి ఒకే బుర్ర. సంక్రాంతికి ఇంట్లో రమ్మీ ఆడుతుంటే వెనక కూర్చున్న బాబాయ్ 'ఆ ముక్క కొట్టు' అనడం మనకు సరదా. టోర్నీలో అది ఫౌల్. ఆటలోంచి తప్పుకున్నవాళ్లు కూడా నోరు మెదపకూడదు.

నాలుగు, ఉన్న చిప్స్ అన్నీ పెట్టేసి, ఇక పందేలు మిగలకపోతే ఇద్దరూ ముక్కలు తిప్పి చూపించాలి. ఫ్రెండ్‌కు కావాలని చిప్స్ వదిలేసే కుమ్మక్కుకు ఇదే మందు.

ఐదు, ఒకరికి ముక్కలు చూపిస్తే అందరికీ చూపించాలి.

ఆరు, గెలిచే ముక్కలు చేతిలో పెట్టుకుని చివరిదాకా ఎదుటివాళ్లను ఊరించి చూపించొద్దు. రూల్ ప్రకారం తప్పు కాకపోవచ్చు. కానీ స్నేహాలు చెడేది ఇలాంటి వాటితోనే.

తీర్పు ఎవరిది?

నిర్వాహకుడు కూడా ఆడుతుంటే తన ఆటపై తనే తీర్పు చెప్పే పరిస్థితి రావొచ్చు. అందుకే ఇద్దరి పేర్లు ముందే ప్రకటించాలి. ఒకరు ఆటలో ఉంటే రెండోవాళ్లు చెబుతారు. ఆ మాటే ఫైనల్, మర్నాడు గ్రూప్‌లో పంచాయితీ ఉండదు.

లాభం ఎవరికి, రూల్ ఏంటి, తీర్పు ఎవరిది? పోలీసులు ప్రధానంగా అడిగేది మొదటిది. ఫ్రెండ్స్ అడిగేది మిగతా రెండు. లాభం ఎవరికీ లేదని, మిగతా రెండూ ముందే రాసి పెట్టామని చెప్పగలిగితేనే పేక కట్ట విప్పండి.