మెకంజీకి దండ సరే, కావలి సోదరుల మాటేమిటి?

చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి శిల్పాలను చూసిన తెలుగువారికి ఒక ప్రశ్న రావాలి. కృష్ణ ఒడ్డున ఉండాల్సినవి ఇక్కడికెలా చేరాయి? ఆ కథ కల్నల్ కాలిన్ మెకంజీ దగ్గర మొదలవుతుంది.

ఆయన పురావస్తు శాస్త్రం చదివినవాడు కాదు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరు, సర్వేయరు. 1798లో అమరావతి దిబ్బను చూశాడు. అప్పటికే జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడి మనుషులు అక్కడి రాళ్లను కట్టడాలకు తీసుకుపోతున్నారు. 1816లో మెకంజీ తిరిగి వచ్చేసరికి దిబ్బ మధ్యలో చెరువు తవ్వేశారు. మిగిలిన చెక్కడాలకు ఆయన బొమ్మలు గీయించాడు. ఈనాడు ఆ స్తూపం రూపాన్ని ఊహించడానికి ఆ బొమ్మలే పెద్ద ఆధారం. మన ఊళ్ల చరిత్ర చెప్పే కైఫీయతులు మిగలడమూ ఆయన పూనికవల్లే. ఈ మేలు కాదనలేం.

అయితే ఆయన నేలను కొలిచింది ఎవరికోసం? 1799లో టిప్పు సుల్తాన్ పడిపోగానే మైసూరు రాజ్యాన్ని సర్వే చేసింది కంపెనీ పాలన కోసమే. అమరావతి రాళ్లను చోటు కదిలించినవారిలో ఆయనా ఉన్నాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మరిన్ని శిల్పాలను మద్రాసు చేర్చాడు. వందకు పైగా శిల్పాలు నేడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

ఇంతకన్నా పెద్ద అన్యాయం మరొకటుంది. మెకంజీకి మన భాషలు రావు. శాసనాలు చదివింది, ఊరి పెద్దలతో మాట్లాడింది కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య, వారివంటి సహాయకులు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే చనిపోయాడు. 1821లో మెకంజీ కన్నుమూశాక ఆ పని నేను కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకొచ్చాడు. స్థానికుడికి అంతటి సామర్థ్యం ఉండదని కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు తోసిపుచ్చారు. పని చేసినంతకాలం పనికొచ్చినవాడు, పెత్తనం అడిగేసరికి పనికిరానివాడయ్యాడు!

చదువూ కులబలమూ ఉన్న లక్ష్మయ్యకే ఆ గతి పడితే, మట్టి తవ్వి రాళ్లు మోసిన కూలీల సంగతి చెప్పాలా? వాళ్ల పేర్లు ఏ కాగితం మీదా కనిపించవు.

యువతీ యువకులారా, మెకంజీని దేవుణ్ణి చేయొద్దు, దొంగ అని ఒక్కమాటతో కొట్టిపారేయనూ వద్దు. అమరావతి పేరెత్తిన ప్రతిచోటా కావలి సోదరుల పేర్లూ పలకండి. మ్యూజియం పలకలమీద ఆ పేర్లు రాయమని అడగండి. మన సంఘాల్లో, సంస్థల్లో కూడా పని ఒకరిది, పేరు ఒకరిది అవుతోందేమో చూసుకోండి.