దిగాక ఇచ్చే డబ్బు

ములకలపల్లి మండలంలో ఏదో ఒక గూడెం నుంచి అమెరికా చదువుకు వెళ్లే పిల్లకు పరాయి దేశం ఎక్కడ మొదలవుతుంది? శంషాబాద్ విమానాశ్రయంలో అనుకుంటాం. నన్నడిగితే, ఆశ్రమ పాఠశాల గేటు దగ్గరే అంటాను. ఇంట్లో కోయ మాట్లాడే ఆరేళ్ల పిల్ల ముందు తెలుగు వాచకం పెట్టి చదవమన్న రోజే ఆమె మొదటి సరిహద్దు దాటింది. రాత్రి అమ్మ పక్కన లేకుండా పడుకోవడం, తెలియని కూర తినడం, అర్థం కాకపోయినా తలూపడం... అన్నీ అప్పుడే నేర్చింది. కాబట్టి భాష గురించీ, బెంగ గురించీ ఆమెకు మనం పాఠాలు చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది డబ్బు సంగతి.

ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల కోసం తెలంగాణ ప్రభుత్వం పెట్టిన అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి మంచి పథకం. సాయాన్ని 2016లో 20 లక్షల రూపాయలకు పెంచారు. అయితే నిబంధన చూడండి: సొమ్ము రెండు విడతలుగా వస్తుంది. మొదటిది, ఆ దేశంలో దిగినట్టు కాగితం చూపించాక. రెండోది, మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాక. వెళ్లకుండానే డబ్బు తీసుకునేవాళ్లను ఆపడానికి పెట్టిన షరతు అది. న్యాయమే! కానీ వీసా రుసుము, గది అడ్వాన్సు, తొలి రోజుల తిండి ఎవరు పెట్టాలి?

మైదానంలో రైతు అయితే ఎకరం అమ్ముతాడు. ఇక్కడ ఆ దారి లేదు. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం చెబుతుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా పిల్లలకు దక్కుతుంది గానీ అమ్మడానికి వీల్లేదు. ఆ చట్టాలు లేకపోతే ఆ భూములు ఎప్పుడో పోయేవి, సందేహం లేదు. భూమిని కాపాడిన చట్టమే చదువుకు అప్పు పుట్టనివ్వకపోవడం మాత్రం విచిత్రం. సీటొచ్చిన పిల్ల ఆగిపోయేది ఇంగ్లిష్ రాక కాదు, ఈ మొదటి నెల ఖర్చు దగ్గర.

ఇది కొత్త కష్టమూ కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1922 అక్టోబర్ 26న బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదవడానికి సీటుంది, స్కాలర్‌షిప్ లేదు. వెళ్లడానికి మామగారు సాయం చేశారు. చేరాక ఖర్చులకు ఆసుపత్రిలో రాత్రి పని పట్టారు. ఏం పని? రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేయడం! మద్రాసులో వైద్యం చదివిన మనిషి. ఆ తర్వాత ఆయన బృందం తెచ్చిన వాటిలో బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్ ఒకటి. ఆయన మళ్లీ ఇండియా రాలేదు, భార్య శేషగిరిగారిని మళ్లీ చూడలేదు.

ఇప్పుడు ఫోనుంది. మాకు తెలిసిన అమ్మాయి ఒకతె చేరిన మూడో రోజు పిన్నికి ఫోన్ చేసి, "ఇక్కడ సార్‌ని పేరు పెట్టి పిలవమంటున్నరు పిన్నీ, నోరు రావట్లే" అన్నదట. ఆమెకు తగిలిన అసలు దెబ్బ వేరే. పుస్తకంలో వాక్యం ఉన్నదున్నట్టు రాస్తే మన దగ్గర మార్కులు. అక్కడ ఎవరి మాటో చెప్పకుండా రాస్తే దొంగతనం. పదిహేనేళ్ల అలవాటును ఒక్క వారంలో మానుకోవాలంటే మాటలా!

ఆగస్టులో అమెరికా బయల్దేరేవాళ్లకు నాలుగు ముక్కలు. దిగగానే ఐ-94 కాగితాన్ని ప్రభుత్వ వెబ్‌సైటు నుంచి ప్రింటు తీసుకోండి. అక్కడ దిగినట్టు రుజువు అదే. చదువుకునే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు, బయట హోటల్లో నగదుకు పని అసలే వద్దు. మొదటి విడత చేతికొచ్చే దాకా నెట్టుకురావడానికి ఎంత కావాలో ఇంట్లో కూర్చుని రూపాయల్లో లెక్క రాసి, నాన్నకు చదివి వినిపించండి. ఆయనకు తెలియకుండా అప్పు చేయకండి.

అమ్మలకు ఒక్కటే. ఇక్కడ పొద్దున ఏడైతే ఆగస్టులో అమెరికా తూర్పు తీరాన ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. పిల్ల అన్నం తిని కూర్చునే వేళ. ఫోన్ అప్పుడు చేయండి.